ఆటిజం గల పసిపిల్లల వికాసము

ఆటిజం అనేది శైశవములోనే మొదలై జీవితాంతము కొనసాగే నాడీ వికాస స్థితి. ఈ స్థితి గల పిల్లలకు ఇతరులతో కలవడము, మాటతో గాని సైగతో గాని తమ భావాన్ని తెలుపడము కష్టముగా ఉంటుంది. ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయడము, మార్పును సహించలేకపోవడము, శబ్దము, వెలుతురు, స్పర్శ వంటి వాటికి అతిగా గాని అతి తక్కువగా గాని స్పందించడము కూడా వీరిలో కనిపిస్తాయి. ఆటిజం అంటురోగము కాదు. మందుతో నయమయ్యే జబ్బు కూడా కాదు. అయితే పుట్టినప్పటి నుండి ఆరేళ్ళ వయసు వరకు మెదడు ఎదుగుదల వేగముగా సాగుతుంది కనుక, ఆ కాలములో తగిన తోడ్పాటు లభించిన పిల్లలు మాట, ఆట, స్వంత పనులు నేర్చుకునే అవకాశము పెరుగుతుంది. ఈ తోడ్పాటు స్వరూపాన్ని, హైదరాబాదులోని తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము, మల్కాజ్‌గిరి పరిసరాల కుటుంబాలకు అందుబాటులో ఉన్న సేవలను ఈ వ్యాసము వివరిస్తుంది.

చరిత్ర

ఆటిజం అనే పదాన్ని 1911లో స్విట్జర్లాండు మానసిక వైద్యుడు యూజెన్ బ్లాయ్‌లర్ మొదట వాడాడు. "తాను" అనే అర్థము గల గ్రీకు పదము దీనికి మూలము. అమెరికాలో లియో కానర్ 1943లో 11 మంది పిల్లలను వర్ణిస్తూ ప్రచురించిన వ్యాసముతో ఇది ప్రత్యేక స్థితిగా గుర్తింపు పొందింది. మరుసటి సంవత్సరము, 1944లో, వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ ఇటువంటి పిల్లలనే మరొక కోణములో వర్ణించాడు.

తల్లి ప్రేమ చాలకపోవడము వల్లనే బిడ్డ ఇలా అవుతాడన్న వాదము 1950, 60 దశకాలలో బలముగా ఉండేది. 1964లో బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే మనస్తత్త్వవేత్త, తానే ఆటిజం గల బాలుని తండ్రి, ఈ వాదాన్ని ఖండిస్తూ గ్రంథము వెలువరించాడు. తరువాతి పరిశోధనలన్నీ ఆటిజానికి మూలము మెదడు నిర్మాణములోను, జన్యువులలోను ఉన్నదని చూపాయి. శాస్త్రము ఆ నిందను ఎప్పుడో విడిచిపెట్టినా తెలుగు ఇళ్ళలో అది వేరే రూపములో ఇంకా మిగిలి ఉన్నది. తల్లి ఉద్యోగానికి వెళ్ళడము, గర్భవతిగా ఉన్నప్పుడు గ్రహణము చూడడము, బిడ్డతో సరిగా మాట్లాడకపోవడము వంటి కారణాలు చుట్టాలు చెబుతుంటారు. వీటిలో దేనికీ ఆధారము లేదు.

2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘము తన వర్గీకరణలో, అంతవరకు వేర్వేరుగా ఉన్న ఆస్పెర్గర్ సిండ్రోమ్ వంటి పేర్లను తొలగించి అన్నిటినీ ఆటిజం స్పెక్ట్రమ్ అనే ఒకే పేరు క్రిందికి తెచ్చింది. 2022 జనవరి నుండి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ కూడా ఇదే పద్ధతిని అనుసరించింది. ఐక్యరాజ్య సమితి 2007లో చేసిన తీర్మానము మేరకు 2008 నుండి ఏటా ఏప్రిల్ 2ను ప్రపంచ ఆటిజం అవగాహన దినముగా పాటిస్తున్నారు.

వ్యాప్తి

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2021లో ప్రపంచములో సుమారు 127 మందికి ఒకరు ఆటిజం గలవారు. అమెరికాలో 8 సంవత్సరాల పిల్లలలో 31 మందికి ఒకరిని గుర్తించినట్లు అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రము 2025లో ప్రకటించింది. ఈ సంఖ్య పెరగడానికి నిర్వచనము విస్తరించడము, తల్లిదండ్రులలోను వైద్యులలోను అవగాహన పెరగడము ముఖ్య కారణాలు.

భారతదేశములో 2 నుండి 9 సంవత్సరాల పిల్లలలో నాడీ వికాస లోపాలపై జరిగిన ఒక పెద్ద సర్వే ఫలితాలు 2018లో వెలువడినాయి. అయిదు ప్రాంతాలలో 3,964 మంది పిల్లలను పరీక్షించిన ఈ సర్వేలో హైదరాబాదు ఒక కేంద్రము. ఆటిజం పాశ్చాత్య దేశాల సమస్య అనే భావన సరి కాదని ఈ సర్వే స్పష్టము చేసింది.

గుర్తించిన వారిలో ఆడపిల్లల కంటే మగపిల్లలు మూడు నాలుగు రెట్లు ఎక్కువ. ఆడపిల్లలలో లక్షణాలు "సిగ్గు", "నెమ్మదితనము" అనే పేర్ల మాటున మరుగునపడి ఆలస్యముగా బయటపడడము కూడా ఈ తేడాకు ఒక కారణము. ఒక బిడ్డకు ఆటిజం ఉన్న ఇంట తరువాత పుట్టిన బిడ్డకు కూడా ఉండే అవకాశము సుమారు అయిదింట ఒక వంతు. కాబట్టి చెల్లెలిని లేదా తమ్ముని ఎదుగుదలను మొదటి సంవత్సరము నుండే గమనిస్తూ ఉండాలి.

తొలి గుర్తులు

ఆటిజం ముఖకవళికలలో కనిపించదు. శిశువు కూర్చోవడము, నడవడము సాధారణముగా సకాలములోనే జరుగుతాయి. అందుచేత ఇంటివారు మాట రాకపోవడాన్ని మాత్రమే గమనించి, "మగపిల్లలకు మాటలు ఆలస్యము", "వాళ్ళ నాన్నకు కూడా నాలుగేళ్ళకు గాని మాటలు రాలేదు" అని వేచి ఉంటారు. ఇలా వేచి ఉండడము వల్ల కలిగే నష్టమే అన్నిటికంటే పెద్దది. ఈ క్రింది గుర్తులలో ఏవైనా ఉన్నట్లయితే పిల్లల వైద్యుని కలవాలి:

- 6 నెలలు నిండినా పలకరింపుకు చిరునవ్వు నవ్వకపోవడము.
- 9 నెలలకు పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోవడము.
- 12 నెలలకు ఉంగా ఉంగా అనడము, టాటా చెప్పడము, వేలితో చూపడము లేకపోవడము.
- 16 నెలలకు ఒక్క మాట కూడా రాకపోవడము.
- 24 నెలలకు రెండు పదాలు కలిపి స్వయముగా చెప్పలేకపోవడము.
- ఏ వయసులోనైనా వచ్చిన మాటలు, చేష్టలు పోవడము.

వీటిలో వేలితో చూపడము ప్రత్యేకముగా గమనింపదగినది. ఏడాది వయసు శిశువు ఆకాశములో చందమామను వేలితో చూపి, వెంటనే తల్లి ముఖము వైపు చూస్తాడు. తాను చూసినదాన్ని తల్లి కూడా చూడాలన్నది అతని కోరిక. దీనిని ఉమ్మడి ధ్యాస అంటారు. భాషకు ఇదే పునాది. ఆటిజం గల శిశువు తనకు కావలసిన డబ్బా కోసము తల్లి చేయి పట్టుకుని లాగవచ్చు గాని, కేవలము చూపించడము కోసము వేలు చాపడము అరుదు.

అలాగే బొమ్మ కారును నడపకుండా దాని చక్రాన్నే తిప్పుతూ ఉండడము, తిరిగే ఫ్యాను వైపు చాలాసేపు చూడడము, ముని వేళ్ళపై నడవడము, చేతులు ఆడించడము, విన్న మాటనే తిరిగి పలకడము వంటివి కనిపించవచ్చు. గుజ్జనగూళ్ళ ఆట వంటి ఊహతో కూడిన ఆటలు ఆలస్యముగా వస్తాయి. అయితే ఈ లక్షణాలలో ఏ ఒక్కటీ ఒంటరిగా ఆటిజానికి నిర్ధారణ కాదు.

పరీక్ష, నిర్ధారణ

పేరు పెట్టి పిలిస్తే పలకని బిడ్డకు మొట్టమొదట చేయవలసినది వినికిడి పరీక్ష. వినికిడి లోపము ఉంటే దానికి వేరే చికిత్స ఉన్నది, ఆలస్యము చేయరాదు. వంటింట్లో బిస్కట్టు పొట్లము చప్పుడుకు పరుగెత్తుకు వచ్చే బిడ్డకు చెవులు బాగానే వినిపిస్తాయని ఇంటివారు అనుకోవచ్చు. అయినా పరీక్ష తప్పనిసరి, ఎందుకనగా కొన్ని స్థాయిల శబ్దాలు మాత్రమే వినిపించని లోపాలు కూడా ఉంటాయి.

ఆ తరువాత 16 నుండి 30 నెలల పిల్లలకు తల్లిదండ్రులను 20 ప్రశ్నలు అడిగే ఎం-చాట్ అనే ప్రశ్నావళిని ఉపయోగిస్తారు. ఇది వడపోత మాత్రమే. ఇందులో అనుమానము తేలిన బిడ్డకు నిపుణులు పూర్తి పరీక్ష చేయాలి. రక్త పరీక్షతో గాని స్కానింగుతో గాని ఆటిజం తేలదు. బిడ్డ ప్రవర్తనను చూసి, ఇంటివారిని విచారించి మాత్రమే నిర్ణయిస్తారు. మూర్ఛలు ఉన్నప్పుడు మెదడు విద్యుత్ పరీక్ష, ఇతర జన్యు లక్షణాలు కనిపించినప్పుడు జన్యు పరీక్ష వైద్యులు సూచిస్తారు. ఉప్పల్‌లోని డి.ఎన్.ఎ. వేలిముద్రల, నిర్ధారణ కేంద్రములో జన్యు వ్యాధుల పరీక్షలు జరుగుతాయి.

భారతదేశములో ధ్రువపత్రము కొరకు ఐశా అనే కొలబద్దను వాడతారు. ఇది సికింద్రాబాదులోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ రూపొందించినది. సామాజిక సంబంధాలు, భావ స్పందన, భాష, ప్రవర్తన, ఇంద్రియ స్పందన, జ్ఞానము అనే ఆరు విభాగాలలో 40 అంశాలు ఉంటాయి. ఒక్కొక్క అంశానికి 1 నుండి 5 వరకు మార్కులు. మొత్తము 70 నుండి 106 వరకు వస్తే స్వల్పము, 107 నుండి 153 వరకు మధ్యస్థము, 153 దాటితే తీవ్రము అని లెక్కిస్తారు. ఈ కొలబద్ద 3 సంవత్సరాలు నిండిన వారికి ఉద్దేశించినది. కాని తోడ్పాటు మొదలుపెట్టడానికి ధ్రువపత్రము గాని, తుది నిర్ధారణ గాని వచ్చేవరకు ఆగనవసరము లేదు. రెండేళ్ళ బిడ్డకు మాట ఆలస్యమైనదని తెలిస్తే చాలు, మాట నేర్పే పని ఆ రోజే ప్రారంభించవచ్చు. ఒకవేళ ఆటిజం కాదని తరువాత తేలినా ఆ శ్రమ వృథా కాదు.

తార్నాక పరిసరాలలో సేవలు

ఈ రంగములో జంటనగరాలకు జాతీయ స్థాయి ప్రాముఖ్యము ఉన్నది. 1984లో కేంద్ర ప్రభుత్వము బోయినపల్లి వద్ద మనోవికాస్‌నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థను నెలకొల్పింది. తరువాత దీని పేరును జాతీయ మేధో దివ్యాంగజనుల సాధికారతా సంస్థగా మార్చారు. ప్రజలలో ఎన్.ఐ.ఎం.హెచ్. అనే పాత పేరే ఇంకా వాడుకలో ఉన్నది. ఇక్కడ పిల్లల పరీక్ష, శిక్షణ, తల్లిదండ్రులకు సలహాలతో పాటు ప్రత్యేక విద్యలో ఉపాధ్యాయ శిక్షణ కూడా జరుగుతుంది. 2021 జూన్ 17న దేశములో ప్రారంభించిన 14 సమగ్ర శీఘ్ర సేవా కేంద్రాలలో ఒకటి ఈ సంస్థలోనే ఉన్నది. ఆరేళ్ళ లోపు పిల్లలకు అన్ని రకాల వైకల్యాల పరీక్షలు, శిక్షణ ఒకేచోట అందించడము ఈ కేంద్రాల ఉద్దేశము.

అదే ఆవరణలో ఆలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ వైకల్య సంస్థ ప్రాంతీయ కేంద్రము ఉన్నది. వినికిడి పరీక్షలకు, వాక్ శిక్షణకు ఇది ప్రసిద్ధి. 1983లో ముంబయిలో స్థాపితమైన ఈ సంస్థకు పేరుగా నిలిచిన నవాబ్ ఆలీ యావర్ జంగ్ ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షునిగా పనిచేసినవాడు.

స్వచ్ఛంద సంస్థలలో సికింద్రాబాదులో 1977లో ఆరంభమైన స్వీకార్, దిల్‌సుఖ్‌నగర్ వైపు ఉన్న ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ చాలాకాలముగా పనిచేస్తున్నవి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను పిల్లలను వైద్య బృందాలు పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా శీఘ్ర సేవా కేంద్రాలకు పంపాలి. 2023 నవంబరు 28న కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖ దివ్యాంగ బాలల కొరకు అంగన్‌వాడీ విధివిధానాలను విడుదల చేసింది. దీని ప్రకారము లోపాలను మొదట గమనించవలసిన బాధ్యత అంగన్‌వాడీ టీచరుపై ఉన్నది.

సేవలు ఉన్నా వాటిని చేరుకోవడము వేరే సమస్య. తార్నాక నుండి బోయినపల్లి సుమారు 10 కిలోమీటర్లు. హారను మోతను భరించలేని మూడేళ్ళ బిడ్డను వెంటబెట్టుకుని, సికింద్రాబాదు రద్దీ దాటి, వారానికి రెండు మూడు సార్లు బస్సులో వెళ్ళి రావడము తల్లికి సులభము కాదు. ఒక గంట శిక్షణకు సగము రోజు పోతుంది. కూలి గాని ఉద్యోగము గాని ఉన్నవారు కొన్ని వారాలకే మానివేస్తారు. ప్రైవేటు కేంద్రాలలో గంటల లెక్కన తీసుకునే రుసుము మధ్యతరగతికి కూడా భారమే. ఈ కారణము చేతనే తల్లిదండ్రులు స్వయముగా ఇంట్లో చేయగల పద్ధతులకు ప్రాముఖ్యము పెరిగింది.

శిక్షణా పద్ధతులు

అమెరికాలో ఐవర్ లోవాస్ 1987లో ప్రచురించిన అధ్యయనము ప్రవర్తనా విశ్లేషణ పద్ధతికి ప్రాచుర్యము తెచ్చింది. వారానికి 40 గంటల పాటు ఒక్కొక్క నైపుణ్యాన్ని చిన్న మెట్లుగా విడగొట్టి, ప్రతి సరి అయిన చర్యకు బహుమానము ఇస్తూ నేర్పడము ఇందులోని విధానము. ఆ కాలములో దండన కూడా ఇందులో భాగముగా ఉండేది. ఇప్పుడు దానిని విడిచిపెట్టారు. ఆటిజం గల పెద్దలు కొందరు, ఈ పద్ధతి తమను ఇతరులవలె కనిపించేలా చేయడానికే ప్రయత్నించిందని, తమ బాధను పట్టించుకోలేదని విమర్శించారు.

ఆ తరువాత వచ్చిన పద్ధతులు ఆటకు, బిడ్డ ఇష్టానికి ప్రాధాన్యమిచ్చాయి. డెన్వర్ నమూనా అనే పద్ధతిపై 2010లో ప్రచురించిన పరిశోధనలో 18 నుండి 30 నెలల వయసు గల 48 మంది పిల్లలు పాల్గొన్నారు. రెండేళ్ళ తరువాత ఈ శిక్షణ పొందినవారి ప్రజ్ఞాలబ్ధి సగటున 17.6 పాయింట్లు పెరగగా, సాధారణ సేవలు పొందినవారిలో 7 పాయింట్లు పెరిగింది. ఉత్తర కరోలినాలో ఎరిక్ షాప్లర్ రూపొందించిన టీచ్ పద్ధతి బొమ్మల పట్టికలతో దినచర్యను చూపి, బిడ్డకు అయోమయము తగ్గిస్తుంది.

మన దేశ పరిస్థితులకు దగ్గరగా ఉన్న ప్రయోగము గోవాలోను, పాకిస్తానులోని రావల్పిండిలోను జరిగింది. 2016లో ఫలితాలు వెలువడిన ఈ అధ్యయనములో 65 మంది పిల్లలు ఉన్నారు. నిపుణులు కాని సామాన్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఇంటింటికి పంపగా, వారు తల్లి బిడ్డల ఆటను వీడియో తీసి, ఆ వీడియోను తల్లికే చూపి, ఎక్కడ బిడ్డ తల్లి వైపు చూశాడో, ఎక్కడ తల్లి స్పందన బిడ్డకు అందిందో చర్చించారు. తల్లిదండ్రుల స్పందన మెరుగుపడింది, పిల్లలు తామై పలకరించడము పెరిగింది. వైద్యులు తక్కువగా ఉన్నచోట కూడా పని జరగగలదని ఇది నిరూపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తల్లిదండ్రుల కొరకు ఒక శిక్షణా కార్యక్రమాన్ని రూపొందించింది.

ఇంట్లో చేయదగినవి

ధ్యాస కలపడము: పెద్దలు బిడ్డ ఎదుట, అతని కంటి ఎత్తులో నేలపై కూర్చోవాలి. బిడ్డ చక్రము తిప్పుతుంటే దానిని లాక్కోకుండా, తామూ ఒక చక్రము తిప్పాలి. కొంతసేపటికి బిడ్డ వీరి వైపు చూస్తాడు. ఆ చూపే మొదటి సంభాషణ. బలవంతముగా గడ్డము పట్టి కళ్ళలోకి చూడమనడము వల్ల బిడ్డకు బాధ కలుగుతుంది తప్ప ప్రయోజనము లేదు.

వంతుల ఆటలు: దోబూచులాట, తారంగము, చెమ్మచెక్క వంటి ఆటలు ఈ పనికి ఎంతో అనువైనవి. వీటిలో ఒకే లయ, ఒకే వరుస మళ్ళీ మళ్ళీ వస్తుంది కనుక ఆటిజం గల బిడ్డకు తరువాత ఏమి వస్తుందో తెలుస్తుంది. ఆట మధ్యలో ఒక్క క్షణము ఆపి ఎదురుచూడాలి. బిడ్డ చేయి కదిపినా, శబ్దము చేసినా, చూసినా "ఇంకా కావాలి" అన్నట్లుగా తీసుకుని ఆటను కొనసాగించాలి.

మాట నేర్పడము: మాటలు రాని బిడ్డతో పెద్ద వాక్యాలకు బదులు "పాలు", "పాలు కావాలి", "బయటికి" వంటి చిన్న మాటలు వాడాలి. బిడ్డ చూస్తున్న వస్తువు పేరే చెప్పాలి. "ఇదేమిటి? అదేమిటి?" అని వరుస ప్రశ్నలు వేయడము పరీక్ష అవుతుంది, సంభాషణ కాదు. ఇష్టమైన వస్తువును కనిపించేలా ఎత్తున ఉంచి, బిడ్డ ఏదో విధముగా అడిగేవరకు కొంచెము ఆగడము మంచిది. అయితే ఏడిపించేవరకు ఆగరాదు.

బొమ్మల ద్వారా తెలుపడము: 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ రూపొందించిన బొమ్మల మార్పిడి పద్ధతిలో బిడ్డ కావలసిన వస్తువు బొమ్మను పెద్దల చేతికి ఇచ్చి వస్తువు పొందుతాడు. బొమ్మలు అలవాటైతే మాట రాదని తల్లిదండ్రులు భయపడతారు. ఈ భయానికి ఆధారము లేదు. తన కోరిక ఇతరులకు తెలుస్తుందన్న అనుభవము మాటకు దోహదమే అవుతుంది. అన్నము, నీళ్ళు, ఉయ్యాల, స్నానము వంటి వాటి ఫోటోలు తీసి అట్టముక్కలపై అంటిస్తే సరిపోతుంది.

దినచర్య: లేవడము, పళ్ళు తోముకోవడము, స్నానము, టిఫిను, ఆట అనే వరుసను బొమ్మలతో గోడపై ఉంచాలి. మార్పు ఉంటే ముందుగా బొమ్మతో చూపాలి. చొక్కా తొడుక్కోవడము వంటి పనిని చిన్న మెట్లుగా విడగొట్టి చివరి మెట్టును మొదట బిడ్డ చేత చేయించాలి. చొక్కా తల మీదుగా పెద్దలు దించి, చివర లాగుకోవడము బిడ్డకు వదిలితే పని పూర్తి చేసిన తృప్తి అతనికే దక్కుతుంది.

ఇంద్రియ స్పందన: కుక్కరు కూత, మిక్సీ చప్పుడు, తలంటు స్నానము కొందరు పిల్లలకు భరింపరానివి. మిక్సీ వేయడానికి ముందు చెప్పి దూరముగా తీసుకుపోవాలి. బోనాల డప్పులు, వినాయక నిమజ్జనము మైకులు, దీపావళి టపాకాయలు ఉన్న రోజులకు ముందుగా ఏర్పాటు చేసుకోవాలి. పెరుగన్నము తప్ప మరేదీ తినని బిడ్డకు కొత్త పదార్థాన్ని బలవంతముగా నోట పెట్టక, మొదట కంచములో ఒక మూల ఉంచి చూడనివ్వాలి, తరువాత తాకనివ్వాలి. ఆహారము మరీ పరిమితమైతే పోషకాహార లోపము రాకుండా వైద్యుని సలహా తీసుకోవాలి.

మొండితనము అనబడేది: దుకాణములో బిడ్డ నేలపై పడి ఏడిస్తే చూసేవారు పెంపకాన్ని తప్పుపడతారు. చాలాసార్లు అది నొప్పి, భయము, అలసట, లేదా చెప్పలేని కోరిక. ఏడ్పుకు ముందు ఏమి జరిగింది, తరువాత ఏమి జరిగింది అని ఒక పుస్తకములో పది రోజులు వ్రాసి చూస్తే కారణము బయటపడుతుంది. కొట్టడము వల్ల బిడ్డ భయపడతాడే గాని నేర్చుకోడు. పంటి నొప్పి, మలబద్ధకము, చెవి పోటు వంటివి మాటలు రాని పిల్లలలో ప్రవర్తన రూపములోనే బయటపడతాయి.

ఇంటి భాష

తార్నాక, హబ్సిగూడ, విశ్వవిద్యాలయ ప్రాంగణాలలో పరిశోధనా సంస్థలు, రైల్వే, విశ్వవిద్యాలయాల ఉద్యోగుల కుటుంబాలు వివిధ రాష్ట్రాల నుండి వచ్చి స్థిరపడినాయి. ఇంట్లో తెలుగు, ఉర్దూ, తమిళము, బెంగాలీ వంటి భాష, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు ఉంటాయి. బిడ్డకు ఆటిజం అని తెలియగానే, ఒకే భాష మాట్లాడండి, అదీ ఇంగ్లీషే మాట్లాడండి అనే సలహా తరచు వినబడుతుంది. ఆటిజం గల పిల్లలు రెండు భాషలు వినడము వల్ల వారి భాష మరింత ఆలస్యము అవుతుందని పరిశోధనలలో తేలలేదు. తల్లిదండ్రులు తమకు సహజముగా వచ్చిన భాషలో మాట్లాడినప్పుడే మాటలో లాలన, లయ, ముఖ భావము ఉంటాయి. తమకు సరిగా రాని భాషలో పొడి పొడి ఆజ్ఞలు ఇవ్వడము వల్ల బిడ్డకు భాష తగ్గుతుంది. ఆ భాష రాని అమ్మమ్మ, తాతయ్యలతో బంధము కూడా తెగిపోతుంది.

బడి

చట్టము ప్రకారము 40 శాతము లేదా అంతకు మించి వైకల్యము గల పిల్లలకు 6 నుండి 18 సంవత్సరాల వరకు సమీప పాఠశాలలో గాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య పొందే హక్కు ఉన్నది. ప్రభుత్వ పాఠశాలల వ్యవస్థలో మండల స్థాయిలో భవిత కేంద్రాలు ఉన్నవి. ఇక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు పిల్లలకు శిక్షణ ఇస్తారు. బడికి రాలేని పిల్లల ఇళ్ళకు వెళ్ళి బోధిస్తారు.

తరగతిలో చేయవలసిన మార్పులకు పెద్ద ఖర్చు లేదు. కిటికీకి, ఫ్యానుకు దూరముగా, ఉపాధ్యాయునికి దగ్గరగా స్థానము ఇవ్వడము, ఒక్కసారి ఒక్క సూచనే ఇవ్వడము, నల్లబల్లపై ఆ రోజు పనుల వరుస వ్రాయడము, గంట మోగే ముందు చెప్పడము, ఓపిక గల ఒక తోటి విద్యార్థిని జత చేయడము ఇందులో ముఖ్యమైనవి. కొందరు పిల్లలు చిన్నప్పుడే అక్షరాలు, అంకెలు గడగడ చదివేస్తారు గాని చదివిన దాని అర్థము చెప్పలేరు. చదువు వచ్చింది కదా అని ఆట, మాట విషయములో సహాయాన్ని మానరాదు. అలాగే మాటలు రాని బిడ్డకు తెలివి లేదని నిర్ణయించడము కూడా తప్పు.

చట్టాలు, పథకాలు

1995 నాటి వికలాంగుల చట్టములో ఆటిజం పేరు లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టము ఆటిజం, మస్తిష్క పక్షవాతము, బుద్ధిమాంద్యము, బహుళ వైకల్యములను చేర్చింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చి, 21 వైకల్యాలలో ఆటిజాన్ని ఒకటిగా గుర్తించింది.

నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా క్రింద ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యానికి, శిక్షణకు సహాయము లభిస్తుంది. దీనికి వైకల్య ధ్రువపత్రము అవసరము. తెలుగు రాష్ట్రాలలో ధ్రువపత్రాలు సదరం శిబిరాల పేరుతో ప్రసిద్ధి చెందినాయి. తార్నాక, విశ్వవిద్యాలయ ప్రాంగణము హైదరాబాదు జిల్లాలోను, మల్కాజ్‌గిరి, నాచారం 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోను ఉన్నాయి కనుక, దరఖాస్తు చేసేముందు చిరునామా ఏ జిల్లాదో చూసుకోవాలి. వైకల్యము గల బిడ్డను పోషించే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు సాధారణ బదిలీల నుండి మినహాయింపు ఇస్తూ 2014లో ఉత్తర్వు వెలువడింది. బిడ్డ శిక్షణ మధ్యలో తెగిపోకుండా ఇది ఉపకరిస్తుంది.

అపోహలు, నిరాధార చికిత్సలు

టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న ప్రచారానికి మూలము 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ ప్రచురించిన వ్యాసము. అందులో మోసము ఉన్నట్లు తేలింది. ఆ వ్యాసాన్ని పత్రిక 2010లో ఉపసంహరించింది. లక్షల మంది పిల్లలపై జరిగిన అధ్యయనాలు టీకాలకు, ఆటిజానికి సంబంధము లేదని చూపాయి. టీకా మానితే తట్టు వంటి వ్యాధుల ప్రమాదము మాత్రము నిజము.

సెల్‌ఫోను చూడడము వల్లనే ఆటిజం వస్తుందన్న మాట ఇటీవల వ్యాపించింది. దీనికి రుజువు లేదు. అయితే తెర ముందు గడిపే సమయము మాటకు, ఆటకు దక్కవలసిన సమయాన్ని హరిస్తుంది. రెండేళ్ళ లోపు పిల్లలకు తెర వద్దని, 2 నుండి 4 సంవత్సరాల వారికి రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

మూలకణ చికిత్సతో ఆటిజం నయమవుతుందని లక్షల రూపాయలు వసూలు చేసే ప్రకటనలు కనబడుతుంటాయి. భారతీయ వైద్య పరిశోధనా మండలి 2017 నాటి మార్గదర్శకాల ప్రకారము ఆమోదము పొందిన కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప మూలకణాలను చికిత్సగా అమ్మరాదు. 2022 డిసెంబరులో జాతీయ వైద్య కమిషను కూడా ఆటిజానికి ఈ చికిత్సను సిఫారసు చేయలేదు. ఒంటి నుండి లోహాలను తీసివేసే మందులు, ఆక్సిజను గదులు కూడా ఆధారము లేనివే, మొదటిది ప్రాణాపాయకరము. గోధుమ, పాలు పూర్తిగా మాన్పించడము వల్ల ఆటిజం లక్షణాలు తగ్గుతాయని రుజువు కాలేదు. తీవ్రమైన చిరాకు, తనను తాను గాయపరచుకోవడము ఉన్నప్పుడు వైద్యులు కొన్ని మందులు ఇస్తారు. అవి ఆ లక్షణాలకే గాని ఆటిజానికి కాదు.

ఏ చికిత్స గురించి అయినా తల్లిదండ్రులు మూడు ప్రశ్నలు అడగవచ్చు: ఎన్ని నెలలలో ఏ మార్పు ఆశించాలి? ఆ మార్పును ఎలా కొలుస్తారు? నష్టము ఏమైనా ఉన్నదా? పూర్తిగా నయము చేస్తామని ముందే హామీ ఇచ్చేవారిని నమ్మరాదు.

కుటుంబము

బిడ్డ సంరక్షణ భారము చాలావరకు తల్లిపైనే పడుతుంది. ఉద్యోగము మానవలసి రావడము, పెళ్ళిళ్ళకు పేరంటాలకు వెళ్ళలేకపోవడము, నిద్ర లేకపోవడము వల్ల తల్లులలో కుంగుబాటు ఎక్కువగా కనిపిస్తుంది. తండ్రి, తాతయ్య, నాయనమ్మలు రోజుకు ఒక గంట బిడ్డను చూసుకున్నా తల్లికి విశ్రాంతి లభిస్తుంది, బిడ్డకు కొత్త మనుషులతో మెలగడము అలవడుతుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళకు విషయాన్ని వారి వయసుకు తగినట్లు చెప్పాలి. వారికంటూ ప్రత్యేకముగా కొంత సమయము కేటాయించాలి. ఒకే కేంద్రానికి వచ్చే తల్లిదండ్రులు ఒకరికొకరు పరిచయమైతే వైద్యులు చెప్పలేని ఎన్నో సంగతులు తెలుస్తాయి.

అందరు పిల్లల ప్రగతి ఒకే తీరుగా ఉండదు. కొందరు సాధారణ పాఠశాలలో చదివి ఉద్యోగాలు చేస్తారు. కొందరికి జీవితాంతము తోడు అవసరమవుతుంది. 18 సంవత్సరాలు నిండిన తరువాత సంరక్షకుని నియామకము అవసరమైనప్పుడు, నేషనల్ ట్రస్టు చట్టము క్రింద జిల్లా కలెక్టరు సభ్యునిగా ఉండే స్థానిక కమిటీని సంప్రదించాలి. ఆ రోజు వరకు ఉన్న కాలములో, బిడ్డ తన ఆకలిని, నొప్పిని, ఇష్టాన్ని ఏదో ఒక విధముగా ఇతరులకు తెలుపగలగడము, తన స్నానము, భోజనము తాను చేసుకోగలగడము అన్నవే శైశవములోని తోడ్పాటుకు ప్రధాన లక్ష్యాలు.